హెచ్‌ఐవీ లేకపోయినా ఫంగల్ మెనింజైటిస్: పేషెంట్ పక్కన ఉండేవాళ్లు ఏం చేయాలి

"మావాడికి షుగర్ లేదు, హెచ్‌ఐవీ లేదు. ఫంగస్ ఎక్కడిది సిస్టర్?" న్యూరో వార్డులో నర్సుగా ఈ మాట తరచూ వింటుంటాను. క్రిప్టోకోకస్ అనే ఫంగస్ పావురాల రెట్టలో, మట్టిలో, చెట్ల తొర్రల్లో పెరుగుతుంది. గాలితో ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడి నుంచి మెదడు పొరలకు చేరి వాపు తెస్తుంది, ఫంగల్ మెనింజైటిస్ అంటే ఇదే. ఇందులో గాటీ అనే రకానికి మన జామాయిల్ చెట్లతో సంబంధం ఉంది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ వదలదు. 1999 నుంచి కెనడాలోని వాంకూవర్ ద్వీపంలో దీని బారిన పడినవాళ్లలో చాలామందికి హెచ్‌ఐవీ లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదు.

ఈ జబ్బు మెల్లగా ముదురుతుంది. వారాల తరబడి తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఒకటి రెండుగా కనపడటం. జ్వరం లేకపోవచ్చు, మెడ పట్టేయకపోవచ్చు, సీటీ స్కాన్ కూడా మామూలుగానే రావచ్చు. అందుకే తలనొప్పి ఎప్పుడు మొదలైంది, ఏయే మాత్రలు వాడారు అన్నది కాగితం మీద రాసుకుని రండి. పావురాలతో పని ఉంటే అదీ చెప్పండి.

వెన్ను నీటి రిపోర్టులో ఇది చాలాసార్లు టీబీ మెనింజైటిస్ లాగే ఉంటుంది: లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు), ప్రోటీన్ ఎక్కువ, గ్లూకోజ్ తక్కువ. టీబీ మందులు మొదలుపెడుతున్నారంటే "క్రిప్టోకోకల్ యాంటిజెన్ పంపించారా డాక్టర్ గారూ?" అని అడగండి, అది ఈ ఫంగస్ ఆనవాళ్లను పట్టే పరీక్ష. అడగడం తప్పు కాదు. వెన్ను నీటిలో సిరా కలిపి మైక్రోస్కోపులో ఫంగస్‌ని వెతికే ఇండియా ఇంక్ పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన ఫంగస్ లేదని తేల్చలేం. హెచ్‌ఐవీ పరీక్ష చేస్తామంటే అవమానంగా తీసుకోకండి, అది అందరికీ చేయాల్సిందే.

అటెండెంట్లు ఎక్కువగా అడ్డం పడేది వెన్నులో సూది దగ్గర. "నడుము పడిపోతుంది, ఒకసారి తీశారు కదా, మళ్లీ ఎందుకు?" అంటారు. సూది పెట్టాక దానికి సన్నటి గొట్టం నిలబెట్టి, నీరు ఎంత ఎత్తుకు ఎక్కుతుందో చూస్తాం. 25 సెంటీమీటర్లు దాటితే తలలో ఒత్తిడి ప్రమాదకరంగా ఉన్నట్టు. కొందరిలో నీరు గొట్టం పైఅంచు దాకా పాకుతుంది. సగానికో, 20 లోపుకో దించేంత నీరు తీస్తే, అంతవరకు తల పట్టుకుని మూలిగిన మనిషి అదే మంచం మీద కళ్లు తెరిచి మాట్లాడటం చూశాను. మరుసటి రోజు ఒత్తిడి మళ్లీ పెరగొచ్చు, అందుకే మళ్లీ తీస్తారు. వద్దని సంతకం పెడితే చూపే పోవచ్చు, ప్రాణానికీ ముప్పే. ఎన్నిసార్లు తీసినా దిగకపోతే ఆ నీటిని మళ్లించే గొట్టం (షంట్) వేస్తారు.

ఫంగస్‌ని చంపే మందు ఆంఫోటెరిసిన్, పసుపు రంగులో ఉండే డ్రిప్. దానితో పాటు ఫ్లూసైటోసిన్ అనే ఇంకో ఫంగస్ మందు కూడా ఇస్తారు, కానీ అది అన్నిచోట్లా దొరకదు. హెచ్‌ఐవీ లేనివాళ్లకు ఈ డ్రిప్ తరచూ నాలుగు నుంచి ఆరు వారాలు నడుస్తుంది. ఆంఫోటెరిసిన్‌లోనే లైపోసోమల్ రకం ఖరీదెక్కువే గానీ కిడ్నీల మీద భారం తక్కువ. డ్రిప్ ఎక్కుతుంటే చలీ వణుకూ వస్తే వెంటనే నర్సుని పిలవండి, డ్రిప్ వేగం మీరు మార్చొద్దు. రోజూ ఎంత మూత్రం పోశారో కొలిచి రాయండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రిపోర్టులు ఎప్పటికప్పుడు అడిగి తెలుసుకోండి. కాళ్లలో సత్తువ లేదన్నా, గుండె దడ అన్నా చెప్పండి, పొటాషియం పడిపోయి ఉండొచ్చు.

తర్వాత ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్రలు, చాలామందికి ఏడాది దాకా. తలనొప్పి తగ్గిందని మధ్యలో మానేయొద్దు. వేరే ఏ మందు మొదలుపెట్టాలన్నా ఈ మాత్ర సంగతి ముందు చెప్పాలి. గర్భం వస్తే వెంటనే డాక్టర్‌కి తెలియాలి.

ఆరోగ్యవంతుల్లో ఇంకో చిక్కుంది. ఫంగస్ చచ్చిపోతున్నా, శరీరం చేసే పోరాటంతోనే మెదడులో వాపు పెరగొచ్చు. అప్పుడు డాక్టర్ చూసి స్టెరాయిడ్ ఇస్తారేమో గానీ, మీ అంతట మీరు షాపులో కొని వేయొద్దు. ఇంటికెళ్లాక తలనొప్పి తిరగబెట్టినా, చూపు మసకబారినా, మనిషి మాట తడబడినా ఓపీ రోజు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకే తీసుకురండి, పాత ఫైలుతో సహా.