3:5 ని 3/5 గా రాస్తే వచ్చే తప్పు, దిద్దే పద్ధతి

సంచిలో 3 ఎర్ర బంతులు, 5 నీలం బంతులు. ఎర్రది వచ్చే సంభావ్యత 3/8. దశాంశంలో 0.375, శాతంలో 37.5. ఇక్కడిదాకా పేచీ లేదు. చిక్కల్లా నిష్పత్తి దగ్గరే. అనుకూలం, ప్రతికూలం 3:5 అని ఇస్తే చాలామంది పిల్లలు 3/5 అని రాసేస్తారు. 0.6 అనేది 1 కంటే తక్కువే కాబట్టి అనుమానమూ రాదు. కానీ ఆ 5 మొత్తం బంతులు కాదు, ఎర్రవి కానివి మాత్రమే.

నా దగ్గర పనిచేసిన పద్ధతి ఇది: నిష్పత్తి కనబడగానే పక్కన 3+5=8 అని రాయించాలి, ఆ తర్వాతే భిన్నం. భిన్నం నుంచి వెనక్కి నిష్పత్తికి రావాలంటే హారంలోంచి లవం తీసేయాలి. పేకలో ఆసు వచ్చే సంభావ్యత 4/52, అంటే 1/13, నిష్పత్తి 1:12. సరిచూసుకోవడానికి ఎర్ర, నీలం సంభావ్యతలు కూడాలి: 3/8+5/8=1. తప్పు దారిలో వెళ్తే నీలానికి 5/3 వస్తుంది, అక్కడే దొరికిపోతుంది.

శాతాలను నేరుగా గుణించనివ్వకండి. తీసిన బంతిని తిరిగి సంచిలో వేసి మళ్లీ తీస్తే, రెండుసార్లూ ఎర్రదే వచ్చే సంభావ్యత 3/8×3/8=9/64, సుమారు 14 శాతం. 37.5×37.5 వేస్తే 1406.25 వచ్చి కూర్చుంటుంది. ఆఖరి మెట్టుదాకా భిన్నంలోనే ఉంచి, ప్రశ్నలో అడిగితేనే శాతం చేయించండి.