చారిత్రక నల్లజాతి విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసే ముందు

అమెరికాలో చదువుకోదలచిన తెలుగు విద్యార్థులు సాధారణంగా ర్యాంకుల పట్టికతో వెతుకులాట మొదలుపెడతారు. హోవర్డ్, మోర్గాన్ స్టేట్, నార్త్ కరోలినా ఏ అండ్ టీ వంటి చారిత్రక నల్లజాతి విద్యాసంస్థల విషయంలో ఆ పట్టిక చెప్పేది చాలా తక్కువ. ఆ సంస్థ ఎవరి కోసం, ఎందుకు పుట్టిందో ముందుగా తెలుసుకోవాలి; దాని బలాలకూ లోట్లకూ మూలం చాలావరకు అక్కడే ఉంటుంది.

మొదట స్థాపన సంవత్సరం చూడండి. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం, నల్లజాతీయుల చదువే ప్రధాన లక్ష్యంగా 1964కు ముందు ఏర్పడిన సంస్థలకే చారిత్రక నల్లజాతి విద్యాసంస్థ అనే హోదా ఉంటుంది. అలాంటివి ఇప్పుడు సుమారు వంద ఉన్నాయి. ప్రవేశం మాత్రం అన్ని జాతుల వారికీ ఉంది. వెస్ట్ వర్జీనియాలోని బ్లూఫీల్డ్ స్టేట్‌లో చాలాకాలంగా శ్వేతజాతి విద్యార్థులే ఎక్కువ.

తరువాత నిధుల సంగతి. శ్వేతజాతి కళాశాలల్లో నల్లజాతీయులను చేర్చుకోని రాష్ట్రాలు కేంద్ర నిధులు కావాలంటే వారికోసం వేరే కళాశాల నడపాలని 1890 నాటి మోరిల్ చట్టం షరతు పెట్టింది. ఆ షరతు ఫలితంగానే 1891లో నార్త్ కరోలినా ఏ అండ్ టీ వెలిసింది. కళాశాలలు వచ్చాయి గాని, నిధులు సమంగా రాలేదు. మూడు దశాబ్దాల్లో ఇటువంటి సంస్థలకు 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ అందిందని 2023లో కేంద్ర ప్రభుత్వం 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాసింది. కాబట్టి పాత భవనాన్ని చూసి బోధనను అంచనా వేయకండి. మీరు చేరదలచిన విభాగంలో ప్రయోగశాల ఎలా ఉందో, ఏ పరిశోధనలకు గ్రాంట్లు ఉన్నాయో విడిగా అడగండి.

బోధన లక్ష్యాన్ని పరిశీలించడం అన్నింటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. 1930ల తొలినాళ్లలో హోవర్డ్ న్యాయ కళాశాలను నడిపిన చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్, జాతి వేర్పాటు చట్టాలను కోర్టులో ఎదిరించగల న్యాయవాదులను తయారుచేయడానికే పాఠ్యక్రమాన్ని కఠినం చేశారు. ఆయన శిష్యుడు తర్‌గుడ్ మార్షల్ 1933లో పట్టా పొంది, పాఠశాలల్లో వేర్పాటు చెల్లదని 1954లో తీర్పు వచ్చిన బ్రౌన్ కేసును సుప్రీంకోర్టులో వాదించారు. ఆ తీర్పు తరువాత ఈ కళాశాలల అవసరం తీరిపోయిందన్న వాదన నేటికీ వినిపిస్తుంది. అయితే దేశంలోని కళాశాలల్లో 3 శాతమే అయిన ఇవి నల్లజాతి విద్యార్థుల బ్యాచిలర్ డిగ్రీల్లో పది శాతానికి పైగా ఇస్తున్నాయి. న్యూ ఆర్లియన్స్‌లోని జేవియర్ చిన్న విశ్వవిద్యాలయమే అయినా, నల్లజాతి విద్యార్థులను వైద్య కళాశాలలకు పంపడంలో ఏళ్ల తరబడి ముందు వరుసలో నిలిచింది. మీ విభాగం పట్టభద్రులు ఎక్కడ స్థిరపడ్డారో అడిగి, ఇలాంటి ఫలితమే అక్కడా ఉందేమో చూడండి.

అక్రెడిటేషన్‌ను, అంటే సంస్థ విద్యా ప్రమాణాలకు లభించే అధికారిక గుర్తింపును, తప్పక సరిచూసుకోండి. అట్లాంటాలోని మోరిస్ బ్రౌన్ కళాశాల 2002లో దానిని కోల్పోయి, విద్యార్థులకు కేంద్ర ఆర్థిక సాయం ఆగిపోవడంతో దాదాపు ఖాళీ అయింది. తిరిగి పొందింది 2022లో. ఎంఎస్ చేయదలచినవారు మరొకటి గమనించాలి: మోర్‌హౌస్, స్పెల్‌మన్ వంటి ప్రసిద్ధ సంస్థలు ప్రధానంగా బ్యాచిలర్ స్థాయివి, పైగా స్పెల్‌మన్ మహిళా కళాశాల. సంస్థకు ఐ-20 (విద్యార్థి వీసాకు కావలసిన పత్రం) జారీచేసే అనుమతి ఉందో లేదో, అసిస్టెంట్‌షిప్పులు (బోధన, పరిశోధనల్లో సాయపడినందుకు ఇచ్చే ఆర్థిక సాయం) విదేశీ విద్యార్థులకూ వర్తిస్తాయో లేదో ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే దరఖాస్తు రుసుము కట్టండి.