కడుపులో ఒత్తిడి, పేగులకు రక్తం – 3వ పాఠం: ఒక తీసివేత లెక్క

యూరిన్ క్యాథెటర్ ద్వారా కడుపులోని ఒత్తిడి కొలవడం గత పాఠంలో నేర్చుకున్నాం. పేషెంటు వెల్లకిలా పడుకోవాలి, మూత్రాశయంలోకి సెలైన్ 25 మి.లీ. మించకూడదు, ఊపిరి పూర్తిగా వదిలిన క్షణంలో రీడింగ్ చూడాలి. ఐసీయూ పేషెంట్లలో అది మామూలుగా 5–7 మి.మీ. పాదరసం. 12 గానీ అంతకు మించి గానీ నిలకడగా ఉంటే ఎక్కువే. 20 దాటి, కొత్తగా కిడ్నీయో ఊపిరితిత్తులో మొరాయిస్తే ఎమర్జెన్సీ.

ఇప్పుడు లెక్క. ముందు సగటు బీపీ కావాలి. బీపీ 90/60 అనుకోండి. తేడా 30, అందులో మూడో వంతు 10, దాన్ని కింది అంకెకు కలిపితే 70. ఇందులోంచి కడుపు ఒత్తిడి తీసేయండి. మిగిలేదే పేగులకు రక్తాన్ని నెట్టే ఒత్తిడి. పొద్దున అది 8 ఉంది, మిగిలింది 62. సాయంత్రానికి కడుపు బిగిసి 22 అయింది. బీపీ అదే 90/60, మిగిలింది మాత్రం 48. మానిటర్ చూసి "బీపీ బాగానే ఉంది" అని చార్టులో రాసేసేది ఇలాంటప్పుడే. మిగిలేది 60కి తగ్గకుండా చూడాలని సాధారణంగా అనుకుంటారు.

పేగులో జరిగేది పొలం భాషలో చెబితే తేలిక. ధమనుల గోడలు గట్టివి, సిరలవి పల్చన. కాబట్టి ముందు నొక్కుకుపోయేది సిరలే. కాలువ నీరు వస్తూనే ఉంది, మురుగు కాలువ పూడిపోయింది. మడి ఊటెక్కినట్టు పేగు గోడ వాస్తుంది. వాచిన పేగు ఇంకా చోటు ఆక్రమించి ఒత్తిడిని మరింత పెంచుతుంది. నన్నడిగితే ఈ పాఠం మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఈ వలయమే.

రక్తం తగ్గితే పేగు లోపొరకు ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి 30 దాకా ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) వస్తాయి. లేకపోతే రెండే, పైగా ల్యాక్టేట్ అనే మిగులు పదార్థం పోగవుతుంది. దాన్ని వాడుకోవాల్సిన లివర్‌కూ ఇదే ఒత్తిడి వల్ల రక్తం తగ్గుతుంది. అలాగని ల్యాక్టేట్ పెరిగిన ప్రతిసారీ తప్పు పేగుదే అనుకోకండి, సెప్సిస్‌లోనూ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితిలోనూ) పెరుగుతుంది. ల్యాక్టేట్ మామూలుగా ఉన్నా పేగు క్షేమమని హామీ లేదు.

అభ్యాసం: బీపీ 110/50. కడుపు ఒత్తిడిని నీటి స్తంభంతో కొలిస్తే 24 సెం.మీ. వచ్చింది. మిగిలేది ఎంత?

46 అని రాసినవాళ్లు ఆగండి. నీటి సెంటీమీటర్లను ముందు 1.36తో భాగించాలి. అప్పుడు దాదాపు 18, జవాబు 52.