క్లబ్బులో మొదటి ప్రసంగానికి లేచే ముందు

నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే క్లబ్బు టోస్ట్‌మాస్టర్స్‌లో మొదటి ప్రసంగం ఐస్ బ్రేకర్: మన గురించి మనమే 4 నుంచి 6 నిమిషాలు చెప్పుకోవాలి.

- ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టి, నిలబడి, గట్టిగా చెప్పి చూసుకోండి. మనసులో చదువుకుంటే టైం తెలియదు.
- మీటింగ్‌లో టైం తెలియడానికి 4 నిమిషాలకు పచ్చ లైటు, 5కి పసుపు, 6కి ఎరుపు. ఎరుపు పడ్డాక ఇంకో 30 సెకన్లే. నేనైతే పసుపు చూడగానే టెన్షన్ పడి, చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి దగ్గర తప్పిపోయిన కథని సగంలో వదిలేశాను. మీటింగ్ అయ్యాక అందరూ అదే అడిగారు, "ఇంతకీ దొరికావా?" అని.
- బట్టీ వద్దు. మొదటి మాట, చివరి మాట గుర్తుంటే చాలు.
- మా తిరుపతిలో బ్రహ్మోత్సవాల రోజుల్లో రద్దీ కాబట్టి మీటింగ్‌కి అరగంట ముందే బయలుదేరండి.
- పక్కవాళ్లు మాట్లాడుతుంటే మీ కాగితం తిరగేయకండి. నాకు ఇదే అన్నిటికన్నా కష్టం.