పాత సిమెంటు రేకుల కప్పు: ఎప్పుడు వదిలేయాలి, ఎలా దించాలి

విశాఖపట్నంలో గాజువాక, కంచరపాలెం వంటి చోట్ల పాత ఇళ్లపైనా షెడ్లపైనా కనిపించే బూడిదరంగు సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార కలిసి ఉంటుంది. రేకు గట్టిగా ఉన్నంతకాలం ఆ నార సిమెంటులో బిగిసే ఉంటుంది కనుక దాన్ని కదపకపోవడమే మేలు. విరిచినా, కోసినా, రంధ్రం వేసినా లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి, దశాబ్దాల తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్‌కో క్యాన్సర్‌కో దారితీయవచ్చు. 2014 నాటి హుద్‌హుద్ వంటి తుఫానుకు పగిలిన ముక్కలను పొడి చీపురుతో ఊడ్వకూడదనేది అందుకే.

రేకు పెళుసుబారి, అంచున పీచు తేలి కనిపిస్తే మార్చాల్సిందే. ఆ పనిని అనుభవమున్న వారికే అప్పగించి, సముద్రపు గాలి జోరందుకోకముందే ఉదయాన్నే మొదలుపెట్టించాలి. కిటికీలు మూసి, కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, సబ్బు కలిపిన నీటిని రేకుపై సన్నని జల్లుగా చల్లాలి. తుప్పు పట్టిన బోల్టులు (ఉప్పుగాలికి మన ఊళ్లో అవి తిరగనే తిరగవు) రాకపోతే బోల్టునే కోయాలి తప్ప రేకును సుత్తితో కొట్టకూడదు. జేబురుమాలు, సర్జికల్ మాస్కు చాలవు. ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం, అంటే అతిసన్నని ధూళిని కూడా ఆపే మాస్కు కావాలి.

దించిన రేకులను గెడ్డలో (వాగులో) పారవేయకుండా, తడిగానే రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో విచారించి వారు చెప్పిన చోటికి పంపాలి. నేల తుడిచిన తడిగుడ్డను కూడా అదే మూటలో వేయాలి.