ఛార్జింగ్ స్టేషన్ల టెన్షన్ ఇలా తగ్గింది

ఉండేది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. ఎలక్ట్రిక్ కారుకి ఈ దూరం ఓ లెక్క కాదు. విసుగంతా ఛార్జర్ల దగ్గరే. యాప్‌లో ఖాళీ అని చూపిస్తుంది, తీరా వెళ్తే గన్ (కారుకి గుచ్చే ఛార్జింగ్ ప్లగ్) పనిచేయదు, లేదంటే ఎవరో పెట్రోలు కారు అడ్డంగా పెట్టి ఉంటారు. కంపెనీకో యాప్, యాప్‌కో వాలెట్. సెల్లార్‌లో సిగ్నల్ లేక ఓటీపీ రాదు. డబ్బు కట్టి మరీ ఇంత అవస్థ పడాలా?

ముందు ఇంటి సంగతి చూశాను. 16 ఆంపియర్ల సాకెట్‌కి మీటర్ నుంచి విడిగా లైన్ లాగించాను. అయినా మధ్యలో ఆగిపోయేది. ఎలక్ట్రీషియన్ చూసి, ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయిందన్నాడు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఛార్జర్ భద్రత కోసం తనే ఆగిపోతుంది. కొత్త ఎర్తింగ్ వేయించాక రాత్రంతా నిశ్చింతగా ఎక్కుతోంది. గంటకి సుమారు 3 యూనిట్లు, రోజువారీ తిరుగుడికి చాలు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు మాత్రం బయటి ఛార్జర్లు తప్పవు. నా కారుకి సరిపోయే ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్ రకం, సీసీఎస్2 గన్ ఉన్నవే వెతుకుతాను. అక్కడ చివరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జ్ చేశారో యాప్‌లో చూసి, వీలైతే ఫోన్ చేసి కనుక్కుంటాను. దగ్గర్లో ఇంకోటి ఉంటేనే బయల్దేరతాను. ఛార్జింగ్ మొదలవకపోతే, బరువుకి గన్ కిందికి వాలిందేమో చూసి, మొదలయ్యేదాకా చేత్తో కాస్త పైకి పట్టుకుంటాను. చాలాసార్లు పనిచేస్తుంది. 80 శాతం దాటాక వేగం బాగా తగ్గుతుంది కాబట్టి, అక్కడితో ఆపి వెనకవాళ్లకి చోటిస్తాను.