రాజ్యాంగ సవరణను చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: 91వ సవరణ

గత పాఠంలో 368వ అధికరణ చూశాం. సవరణ నెగ్గాలంటే ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువమంది ఒప్పుకోవాలి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది అవుననాలి. ఈసారి ఒక సవరణ చట్టాన్నే ముందు పెట్టుకుందాం. పెన్సిల్ దగ్గర ఉంచుకోండి.

ఇది 2003 నాటి 91వ సవరణ. మంత్రుల సంఖ్యకు పరిమితి పెట్టి, పార్టీ ఫిరాయింపుల నియమాలను బిగించింది. వాజ్‌పేయి సంకీర్ణ ప్రభుత్వం తెచ్చింది. లోక్‌సభలో ఆ కూటమి బలం 300 చుట్టుపక్కల. సభ నిండుగా ఉంటే 360కి పైగా ఓట్లు కావాలి. ప్రతిపక్షం కలిసిరానిదే ఇది నెగ్గేది కాదు.

చట్టం తెరిచే ముందు అది ఏ జబ్బుకు మందో తెలుసుకోవాలి. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని బీఎస్పీ, కాంగ్రెస్‌ల నుంచి చీలి వచ్చినవాళ్లు నిలబెట్టారు. వాళ్లకు పదవులు పంచేసరికి మంత్రుల సంఖ్య 90 దాటింది. ఫిరాయింపుదారులను సభ్యత్వానికి అనర్హులుగా చేసేది రాజ్యాంగంలోని పదో షెడ్యూలు. అప్పటి దాని 3వ పేరా ప్రకారం, పార్టీ సభ్యుల్లో మూడో వంతు చీలితే అనర్హత వేటు పడదు.

ఇప్పుడు క్రియాపదాల కింద గీత గీయండి. సవరణ చట్టంలో అసలు పని చేసేవి అవే. ‘చేర్చడం’ ఎక్కడ? కేంద్ర మంత్రుల గురించిన 75వ అధికరణలో (1ఎ), (1బి), రాష్ట్ర మంత్రుల గురించిన 164లో కూడా అవే. (1ఎ) మంత్రుల సంఖ్యకు పరిమితి, (1బి) ఫిరాయించి అనర్హులైనవాళ్లు మంత్రులు కాకుండా అడ్డు. ఆపైన కొత్తగా 361బి, అలాంటివాళ్లకు జీతమొచ్చే ఇతర రాజకీయ పదవులూ దక్కకుండా. ‘తొలగించడం’ ఎక్కడ? పదో షెడ్యూలులో 3వ పేరా. చీలిక దారి అలా మూసుకుపోయింది.

164(1ఎ) దగ్గర ఆగి, నెమ్మదిగా చదవండి. ముఖ్యమంత్రితో ‘సహా’ మంత్రుల సంఖ్య శాసనసభ మొత్తం సభ్యుల్లో 15 శాతానికి ‘మించరాదు’. లెక్కకు ఆధారం శాసనసభ ఒక్కటే. మండలి నుంచి మంత్రులు రావచ్చు కానీ మండలి సభ్యుల సంఖ్య ఇందులో కలవదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి 26.25 వస్తుంది, అంటే 26. గోవాలో 40 మందికి 6 మాత్రమే రావాలి. కానీ కిందనే ఒక మినహాయింపు ఉంది: సంఖ్య 12కి తగ్గకూడదు. మినహాయింపు చదవకుండా అధికరణ చదివామనుకోవడం పెద్ద పొరపాటు. నేను మొదట్లో ఈ తప్పు చాలాసార్లు చేశాను.

రాజ్యాంగ పనితీరు సమీక్షకు జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన వేసిన కమిషన్ 2002లో 10 శాతం చాలంది. చట్టంలో అది 15 అయింది. లోక్‌సభ లెక్కలో 54కీ 81కీ ఉన్న తేడా అది. ఇరవైకి పైగా పార్టీలను కలుపుకుపోవాల్సిన కూటమికి 54 ఇరుకే. అయినా 10 దగ్గరే ఆగి ఉంటే బాగుండేదని నా గట్టి అభిప్రాయం.

ఇక చాలామంది వదిలేసే మెట్టు. తీసేసిన పేరా పక్కన ఏది మిగిలిందో చూడాలి. 4వ పేరా అలాగే ఉంది: శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే ‘విలీనం’, అనర్హత లేదు. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 18లో మూడింట రెండు వంతులు సరిగ్గా 12. చీలిక తలుపు మూసినా ఈ కిటికీ తెరిచే ఉందని 2003 చట్టాన్ని జాగ్రత్తగా చదివినవాళ్లకు అప్పుడే తెలుసు.

అభ్యాసం: తెలంగాణ శాసనసభలో ఎన్నికయ్యేవారు 119 మంది. 2020 వరకు ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ సభ్యుడికి కూడా చోటుండేది, మొత్తం 120. రెండు అంకెలకూ 15 శాతం కట్టండి. ముఖ్యమంత్రితో కలిపి 18 మంది వరకు ఉండవచ్చని ఇప్పటికీ పత్రికల్లో చదువుతుంటాం. ‘మించరాదు’ అన్న మాటను దగ్గర పెట్టుకుని, మీ జవాబు రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాం.